ఈ వారంలోనే డిపాజిట్ కట్టాలా? పలమనేరు విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అమ్మాయిది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతి చుట్టుపక్కల జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న ఒక కాలేజీలో సీఎస్ఈ చివరి సంవత్సరం. సీజీపీఏ 7.6, మూడు సప్లీలు రాసి పాసయింది. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చింది, అమెరికా పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్ఈ రాయలేదు. నాన్నకు మామిడి తోట, పాడి ఆవులు, ఊళ్లో ఇల్లు. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో ఆరు యూనివర్సిటీలకు అప్లై చేయిస్తే నాలుగింటిలో అడ్మిట్ వచ్చింది. అందులో ఒకదానికి ఈ వారంలోనే డిపాజిట్ కట్టాలని, లేకపోతే సీటు పోతుందని అంటున్నారు. 40 లక్షల లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. డాలస్‌లో ఉన్న మామ "ఎక్కడైనా పర్లేదు, ముందు వచ్చేయ్" అంటున్నాడు. ఫ్రెండేమో జర్మనీలో ఫీజే లేదు కదా అంటోంది. ఏది ఎంచుకోవాలి?

నేను ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. విదేశాలకు వెళ్లే పిల్లలకు రికమండేషన్ లెటర్లు రాయడం, వచ్చిన అడ్మిట్లలో ఏది నయమో చూసి చెప్పడం చాలా ఏళ్లుగా నా నెత్తిన పడ్డ పని. మా విద్యార్థుల వయసే కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా.

డిపాజిట్ ఈ వారం కట్టొద్దు. ముందు అడ్మిషన్ లెటర్ నువ్వే తెరిచి మొత్తం చదువు. జవాబు ఎప్పటిలోగా చెప్పాలి, డిపాజిట్ ఎంత, వీసా రాకపోతే వాపసు ఇస్తారా అనేవి ఆ లెటర్‌లోనో యూనివర్సిటీ పోర్టల్‌లోనో ఉంటాయి. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్లో చెప్పిన తేదీని లెక్కలోకి తీసుకోవద్దు. లెటర్‌లో తేదీ కనపడకపోతే గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసుకు రెండు లైన్ల మెయిల్ పెట్టు. ఇంకో రెండు వారాలు గడువు కావాలని మర్యాదగా అడిగితే ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. చివరికి కట్టాలని నిర్ణయించుకున్నా యూనివర్సిటీ పోర్టల్ చూపించే మార్గంలోనే కట్టు, వాళ్ల ఆఫీసు అకౌంట్‌కో వాళ్ల మనిషి ఫోన్‌పేకో వేయొద్దు.

ఇక్కడే ఒకటి అడుగుతాను. నీ అప్లికేషన్ల లాగిన్, పాస్‌వర్డ్ నీ దగ్గర ఉన్నాయా? చాలామంది పిల్లల దగ్గర ఉండవు. కన్సల్టెన్సీ వాళ్లు వాళ్ల మెయిల్ ఐడీతో అప్లికేషన్ తెరుస్తారు, యూనివర్సిటీ ఏం రాసినా ముందు వాళ్లకే వెళుతుంది. స్కాలర్‌షిప్ వచ్చిన సంగతి పిల్లకు తెలియక, దాని గడువు దాటిపోయిన తర్వాత మా దగ్గరికి వచ్చిన కేసులు ఉన్నాయి. ఆరు అప్లికేషన్ల లాగిన్లు ఇవాళే రాతపూర్వకంగా అడుగు. అందులో నీ పేరుతో పెట్టిన ఎస్ఓపీ (ఆ చదువు ఎందుకు కావాలో చెప్పే వ్యాసం), సప్లీల వివరాలు, పని అనుభవం అన్నీ చదువు. నువ్వు చేయని ఇంటర్న్‌షిప్ ఏదైనా అందులో కనపడితే, రేపు వీసా ఆఫీసర్ ముందు దానికి జవాబు చెప్పాల్సింది నువ్వే, వాళ్లు కాదు.

ఆ ఆరు పేర్లు ఎలా పుట్టాయో కూడా తెలుసుకోవాలి. కన్సల్టెన్సీలన్నీ దొంగలని నేను అనను. ఫారాలు నింపడంలో, వీసా ఇంటర్వ్యూ స్లాట్ బుక్ చేయడంలో వాళ్ల సాయం పనికొస్తుంది. కానీ నీ దగ్గర ఫీజు తీసుకోకుండా అంత పని చేస్తున్నారంటే ఆ డబ్బు ఎక్కడి నుంచో రావాలి కదా. చేరిన ప్రతి విద్యార్థికీ కొన్ని యూనివర్సిటీలు ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. బాగా పేరున్న పబ్లిక్ యూనివర్సిటీలకు ఎంఎస్ విద్యార్థుల కోసం ఏజెంట్ల అవసరం పెద్దగా ఉండదు. అందుకే అప్లికేషన్ ఫీజు లేదు, జీఆర్ఈ వద్దు, సప్లీలు ఎన్నున్నా పర్లేదు అనే చోట్లే వాళ్ల లిస్టులో ముందుంటాయి. "ఈ నాలుగింటిలో మీకు కమీషన్ రానిది ఏది?" అని అడిగి చూడు. కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పమంటే ఎంతమంది నోరు విప్పుతారో నాకు తెలియదు గానీ, అడిగితే తప్పేం లేదు.

యూనివర్సిటీని పరిశీలించడం ఎలాగో చెబుతాను. ర్యాంకింగ్ దగ్గర మొదలుపెట్టొద్దు. క్యూఎస్ లాంటి ర్యాంకుల్లో పెద్ద వాటా ప్రొఫెసర్లను, కంపెనీలను అడిగి రాబట్టిన అభిప్రాయాలది, అదీ యూనివర్సిటీ మొత్తానికి. నీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు పాఠం చెబుతారన్నది అందులో తెలియదు.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో అధికారులు దాడి చేసినప్పుడు అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా విచిత్రం. దాన్ని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే, చదవకుండా వీసా నిలుపుకునేవాళ్లకు వల పన్నడానికి పెట్టారు. ప్రభుత్వం గుర్తించిన కాలేజీల జాబితాలో దాని పేరు ఉంది, అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) ఉన్నట్టు కూడా కనిపించింది. అంటే కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనివి రెండే, ప్రొఫెసర్లు, క్లాసులు. కాబట్టి గుర్తింపు ఉందని తేలాక కూడా చూడాల్సింది ఇంకా మిగిలే ఉంటుంది.

పలమనేరు సంతలో ఆవును కొనేటప్పుడు మీ నాన్న దళారి మాట విని డబ్బు లెక్కపెట్టడు, ముందు పాలు పిండి చూస్తాడు. నువ్వూ అలాగే చూడు. డిపార్ట్‌మెంట్ పేజీలో ప్రొఫెసర్ల జాబితా తెరువు. వాళ్లలో పూర్తికాలం పనిచేసేవాళ్లు ఎంతమంది, గత రెండు మూడేళ్లలో ఏం ప్రచురించారు, వచ్చే సెమిస్టర్‌లో ఏ కోర్సులు నిజంగా నడుపుతున్నారు అన్నది చూడు. కోర్సుల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా, ఆ సెమిస్టర్ టైమ్‌టేబుల్‌లో నాలుగే కనపడితే ఆ నాలుగే నీకు దొరుకుతాయి. అమెరికా ప్రభుత్వం నడిపే కాలేజ్ నావిగేటర్ సైట్‌లో ఏ ప్రోగ్రామ్‌లో ఏడాదికి ఎన్ని డిగ్రీలు ఇచ్చారో ఉంటుంది. ప్రొఫెసర్లు పదిమంది కూడా లేని చోట వందల కొద్దీ మాస్టర్స్ డిగ్రీలు ఇస్తుంటే నీకే విషయం అర్థమవుతుంది. కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ఇంకో సైట్‌లో జీతాల అంకెలు చూసి మాత్రం మురిసిపోకు. అవి అక్కడి ప్రభుత్వ సాయం తీసుకున్న విద్యార్థుల లెక్కలు, మన పిల్లలు అందులో లేరు.

తర్వాత క్లాసు ఏ క్యాంపస్‌లో అన్నది చూడు. పేరు పెద్ద యూనివర్సిటీదే ఉంటుంది, కానీ నీ ప్రోగ్రామ్ ఎక్కడో ఇంకో నగరంలో అద్దె భవనంలో, శని ఆదివారాల్లో నడుస్తుంటుంది. మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అని చెప్పి అమ్మే ప్రోగ్రాములు ఇలాంటి చోట్లే ఎక్కువ. చదువులో భాగంగా బయట పనిచేయడానికి ఇచ్చే అనుమతిని సీపీటీ అంటారు. దాన్ని ఫుల్‌టైమ్‌గా 12 నెలలు వాడేస్తే, డిగ్రీ తర్వాత అక్కడ పనిచేయడానికి రావాల్సిన ఓపీటీ అనే అనుమతి పోతుంది. ఈ ముక్క ఏ బ్రోచర్‌లోనూ కనపడదు.

ఇంకో రెండు వివరాలు ఈ చివరి ఏడాది విద్యార్థుల్లో పదిమందిలో ఒకరికి కూడా తెలియవు. ఓపీటీ మామూలుగా 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. కోర్సు స్టెమ్ కిందికి వస్తుందా లేదా అన్నది ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద వేసే సీఐపీ కోడ్, అంటే కోర్సు వర్గం నంబరు చెబుతుంది, కోర్సు పేరు కాదు. బిజినెస్ అనలిటిక్స్ అని ఒకే పేరు ఉన్నా రెండు చోట్ల రెండు కోడ్‌లు ఉండొచ్చు. రెండోది, అక్కడ ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బీ వీసాల్లో ఏటా ఇచ్చే 85 వేలల్లో 20 వేలు అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు విడిగా పెట్టారు. ఆ డిగ్రీ పబ్లిక్ యూనివర్సిటీదో, లాభాపేక్ష లేని సంస్థదో అయి ఉండాలి. లాభం కోసం నడిచే ప్రైవేటు యూనివర్సిటీ డిగ్రీకి ఆ 20 వేలల్లో చోటు లేదు. నీ నాలుగు అడ్మిట్లలో అలాంటిది ఏదైనా ఉంటే దాన్ని ఇప్పుడే పక్కన పెట్టు.

ఇక డబ్బు. నీ ఉత్తరంలో దీని గురించి రెండే లైన్లు రాశావు, నాకు మాత్రం ఇదే అసలు ప్రశ్నగా కనిపిస్తోంది. ఐ-20 మీద వేసే ఖర్చు మొత్తం డిగ్రీకి అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అది సాధారణంగా ఒక విద్యా సంవత్సరానిది. ఎంఎస్ నాలుగు సెమిస్టర్లు పడితే దాదాపు ఇంకో అంత కావాలి. ఇన్సూరెన్స్, వేసవి అద్దె, విమానం టికెట్, విద్యార్థి నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు వేరు. ముందు నాలుగు యూనివర్సిటీలకూ డిగ్రీ పూర్తయ్యేదాకా అయ్యే ఖర్చు ఒకే కాగితం మీద పక్కపక్కన రాయి. అప్పుడు 40 లక్షలు సరిపోయేవి ఎన్ని మిగులుతాయో చూద్దాం.

40 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 55 వేలు కట్టాలి. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. అమెరికాలో ఉద్యోగం వస్తే అది పెద్ద భారం కాదు. రాకపోతే? ఓపీటీ మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. హెచ్-1బీ ఏ ఏడాది ఎలా ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు అక్కడున్న మన పిల్లల ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. కాబట్టి లెక్క ఇలా వేయి: డిగ్రీ అయ్యాక ఏడాదిలోపు బెంగళూరుకో చెన్నైకో తిరిగి రావాల్సి వస్తే, అక్కడ దొరికే జీతంలో ఈ 55 వేలు కట్టగలవా? కట్టలేనంత అప్పు అయితే ఆ యూనివర్సిటీ నీకు ఖరీదైనదే, ర్యాంకు ఎంతైనా సరే. నేను ప్రతి అడ్మిట్‌నూ కొలిచేది ఈ ఒక్క ప్రశ్నతోనే.

మీ నాన్న వైపు నుంచి కూడా చూడాలి. వ్యవసాయ భూమిని విద్యారుణానికి పూచీగా చాలా బ్యాంకులు తీసుకోవు, కాబట్టి తోట ఎన్ని ఎకరాలున్నా లోన్‌కు పనికిరాకపోవచ్చు. ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో (ఊరి ఉమ్మడి నివాస స్థలంలో) ఉండి, రిజిస్టరు దస్తావేజు లేకపోతే అదీ ఆగిపోతుంది. పలమనేరులోనో తిరుపతిలోనో అప్రూవ్డ్ లేఅవుట్‌లో ప్లాటు ఉంటే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) ఇప్పటి నుంచే తీసి పెట్టుకోండి. లీగల్ ఒపీనియన్‌కు, వాల్యుయేషన్‌కు వారాలు పడతాయి. పూచీ లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీల దగ్గర వడ్డీ ఎక్కువ, చదువుతుండగానే నెలనెలా కొంత కట్టమంటారు. పైగా వాళ్లు సహ రుణగ్రహీత ఐటీ రిటర్నులు అడుగుతారు, మామిడి, పాల మీద బతికే ఇంట్లో అవి ఉండవు. అప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు ఎవరో బంధువును చూపించి సంతకం పెట్టిస్తారు. ఆ సంతకం రేపు రెండు కుటుంబాల మధ్య గొడవ. 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఏడాది వచ్చినా కిస్తీ మాత్రం తగ్గదు. ముందు పలమనేరులో మీకు ఖాతా ఉన్న ప్రభుత్వ బ్యాంకుకు మీ నాన్నతో కలిసి వెళ్లి అడుగు, లేదా విద్యారుణాల కోసం ప్రభుత్వం పెట్టిన విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టు. ఏజెంట్ దారి ఎప్పుడూ ఉండేదే.

బ్యాంకు బ్యాలెన్స్ "చూపిస్తాం, కొంత పర్సెంటేజీ ఇవ్వండి" అనే వాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. తప్పుడు ఆర్థిక పత్రాలు పెట్టారని తేలితే అమెరికా వీసాకు శాశ్వతంగా అనర్హత పడొచ్చు.

మీ మామ మాట పూర్తిగా కొట్టిపారేయను. డాలస్‌లో సొంత మనిషి ఉంటే మొదటి నెలల అద్దె, భయం రెండూ తగ్గుతాయి. కానీ క్యాంపస్ ఆయన ఇంటికి ఎంత దూరమో మ్యాప్‌లో చూశావా? అక్కడ కారు లేకపోతే కదలడం కష్టం, వాళ్లింట్లో ఏడాది పాటు ఉండటం వాళ్లకూ నీకూ సులువు కాదు. "ముందు వచ్చేయ్, తర్వాత ట్రాన్స్‌ఫర్ కావచ్చు" అనే సలహాకైతే నేను పూర్తిగా వ్యతిరేకం. మారిన చోట పాత క్రెడిట్లు కొన్నే ఒప్పుకుంటారు, మొదటి సెమిస్టర్ ఫీజు నీళ్లలో పోసినట్టే. చదువు లేని సమయంలో బయట గ్యాస్ స్టేషన్‌లో పనిచేసి సంపాదించుకోవచ్చు అని కూడా ఎవరో ఒకరు చెబుతారు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే అనుమతి. అనుమతి లేకుండా బయట పనిచేస్తే స్టేటస్ పోతుంది.

జర్మనీ గురించి నీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాల వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 నుంచి అంతకంటే ఎక్కువే తీసుకుంటోంది. ఫీజు లేకపోయినా వీసాకు ముందే ఒక ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. యూరో వంద రూపాయల చొప్పున చూసినా దాదాపు 12 లక్షలు. నెలకు 992 యూరోల చొప్పున నీకే తిరిగి వస్తాయి. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) కూడా తప్పనిసరి. దానికి వారాలు పడుతుంది కాబట్టి ముందుగా పెట్టుకోవాలి.

నీ మార్కుల సంగతి: జర్మన్లు మన సీజీపీఏను ఒక సూత్రంతో వాళ్ల స్కేలుకు మారుస్తారు. పది నుంచి నీ మార్కు తీసేసి, దాన్ని పదికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. పాస్ మార్కు 4 అని తీసుకుంటే నీ 7.6 కాస్తా 2.2 అవుతుంది, 5 అని తీసుకుంటే 2.44. అక్కడ అంకె తగ్గే కొద్దీ మంచిది. చాలా ప్రోగ్రాములు 2.5 దగ్గర గీత గీస్తాయి కాబట్టి నీకు తలుపు మూసుకుపోలేదు. అసలు చిక్కు సిలబస్ దగ్గర. మ్యాథ్స్, థియరీ సబ్జెక్టులు ఇన్ని క్రెడిట్లు చదివి ఉండాలని ఖచ్చితంగా అడుగుతారు. మన సిలబస్ పుస్తకం ముందు పెట్టుకుని సబ్జెక్టు సబ్జెక్టు పోల్చి చూడాల్సిందే. ఇంకో మాట, కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా పార్ట్‌టైమ్ పనికి, ఉద్యోగానికి జర్మన్ భాష కావాలి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, ఆ లోపు జర్మన్‌లో బీ1 (మధ్యస్థ) స్థాయి అయినా వస్తేనే ప్రయోజనం. కన్సల్టెన్సీలో జర్మనీ అని అడిగితే ఫీజు తీసుకునే ప్రైవేటు యూనివర్సిటీలే ముందు చూపిస్తారు. ఎందుకో పైన చెప్పాను.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది. చదువు తర్వాత ఉండనిచ్చే రెండేళ్లను 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గించారు. కెనడా 2024 నుంచి స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. నీ పరిస్థితికి ఈ రెండూ అమెరికా కంటే మేలైనవని నాకు అనిపించడం లేదు.

కాగితాల దగ్గర ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడు. అలా ఉంటే అమెరికా వీసా మీద నీ పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది. బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో ఏళ్ల తరబడి అదే తలనొప్పి. సర్టిఫికెట్లలో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండటం మనలో మామూలే, దానికి పెద్దగా భయపడనక్కర్లేదు. పాస్‌పోర్టు సరిచేసుకోవడానికి తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. ట్రాన్‌స్క్రిప్టులు అనంతపురం యూనివర్సిటీ నుంచి రావాలి. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) చేతికి వచ్చేదాకా ఆగకుండా అడ్మిట్ ఇచ్చిన చోట్ల తుది పత్రాలకు గడువు ఎప్పుడో కనుక్కో. రికమండేషన్ లెటర్లు మీ లెక్చరర్ కాలేజీ మెయిల్ ఐడీ నుంచే వెళ్లేలా చూడు. నువ్వే రాసి తెచ్చి సంతకం అడగొద్దు. ముగ్గురు లెక్చరర్ల లెటర్లలో ఒకటే పేరా కనపడితే అక్కడి వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నంటే, నాలుగు అడ్మిట్లనూ పైన చెప్పిన పద్ధతిలో జల్లెడ పట్టి, పబ్లిక్ యూనివర్సిటీ, మెయిన్ క్యాంపస్, అప్పు లెక్క సరిపోయేది ఒక్కటి మిగిలినా దానికి వెళ్లేదాన్ని. ఒక్కటీ మిగలకపోతే ఈ ఫాల్ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) వదిలేస్తాను. పలమనేరుకు బెంగళూరు ఎంతో దూరం లేదు, ఏడాది ఉద్యోగం చేస్తూ జీఆర్ఈ రాసి, జర్మన్ భాషలో తొలి స్థాయిలు ఏ1, ఏ2 పూర్తి చేసి, వచ్చే ఏడాది రెండు దేశాలకూ నేనే అప్లై చేస్తాను. మూడు సప్లీల మీద ఏడాది పని అనుభవం బాగానే తెర వేస్తుంది. ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష కూడా రాయి. ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇచ్చి చదివిస్తారు, ఏర్పేడు దగ్గర ఐఐటీ మీ కాలేజీ నుంచి బస్సు దూరమే. దాన్ని విదేశం రానివాళ్ల దారి అని మన ఊళ్లలో చిన్నచూపు చూస్తారు, నాకు అది ఎప్పుడూ అర్థం కాలేదు.

నాలుగు అడ్మిట్ లెటర్లలో ప్రోగ్రామ్ పేరు, క్యాంపస్ ఉన్న ఊరు, క్రెడిట్‌కు ఫీజు, మొత్తం క్రెడిట్లు ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయి, నీ పేరు, అప్లికేషన్ నంబర్లు మాత్రం వద్దు. ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ చూసి చెబుతాను.